రెప్పపాటు గులాబీ

పెయింట్ల కొట్టులో ఆయన్ని అందరూ షేడు మాస్టారు అంటారు. గోడమీంచి రాలిన పెచ్చు ఒకటి తెచ్చి చేతిలో పెడితే చాలు. దాన్ని గుమ్మం దాకా తీసుకెళ్ళి, పగటి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, తెల్లరంగు డబ్బాలో అదో చుక్కా ఇదో చుక్కా వేసి కలిపి, అచ్చం ఆ గోడ రంగే పుట్టిస్తాడు. కొట్టులో రంగులు కలిపే మిషను లేకపోలేదు. అయినా యజమాని మిషను కలిపినదాన్ని కూడా మాస్టారికి చూపించాకే మూత బిగిస్తాడు. ఇన్నేళ్ళుగా రంగులకి వంకలు పెట్టీ పెట్టీ ఆయనకి అదే అలవాటైపోయిందనీ, ఏ సంబంధం చూపించినా ఏదో ఒక వంక పెట్టి, ఆఖరికి బ్రహ్మచారిగా అక్క ఇంటి మేడగదిలో తేలాడనీ బావ ఇప్పటికీ ఏడిపిస్తుంటాడు.

ఆ అక్కకి మోకాళ్ళు అరిగిపోయాయి. నాలుగడుగులు వేస్తే అబ్బా అని కూలబడుతుంది. నీళ్ళలో నడిస్తే మోకాళ్ళమీద బరువు పడదు, రోజూ నడవకపోతే ఇక మంచమే గతి అని డాక్టరు ఖచ్చితంగా చెప్పేసరికి, బావ పెరట్లో చిన్న ఈతకొలను కట్టించాడు. నీళ్ళలో దిగితే అక్క మనిషే మారిపోయేది. గుండెలోతు నీళ్ళలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తూ, మధ్యలో బుడుంగున మునిగి లేస్తూ, గట్టుమీద కూర్చున్నవాళ్ళతో కబుర్లు మాత్రం ఆపేది కాదు.

కొలనులో నీళ్ళు పాడవకుండా క్లోరిన్ పొడి వెయ్యాలి. తక్కువైతే నాచు, క్రిములు. ఎక్కువైతే కళ్ళమంట, ఒళ్ళుమంట. ఎంత ఉందో తెలియడానికి ఒక గాజుగొట్టం, కొన్ని బిళ్ళలు ఇస్తారు. గొట్టంలో కొలను నీళ్ళు పట్టి బిళ్ళ వేస్తే నీళ్ళు గులాబీరంగుకి తిరుగుతాయి. గులాబీ ఎంత ముదిరితే క్లోరిన్ అంత ఎక్కువ. అట్టమీదున్న రంగుల గళ్ళతో దాన్ని పోల్చుకోవాలి. రంగులు పోల్చడం అనగానే ఇంట్లో వాళ్ళంతా ఒక్కసారే మేడవైపు చూశారు.

"మా తమ్ముడుండగా ఇంకొకళ్ళ మొహం చూడ్డం దేనికి?" అంది అక్క.

మాస్టారు ఆ పని శ్రద్ధగానే చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పైపై నీళ్ళు ముంచేవాడు కాదు. మోచెయ్యి మునిగేదాకా చెయ్యి దించి, కొలనులోకి నీళ్ళొచ్చే గొట్టానికి దూరంగా పట్టేవాడు. బిళ్ళని వేళ్ళతో ముట్టుకోకుండా పొట్లంలోంచే జారవిడిచేవాడు. తెల్లగోడకి ఎదురుగా ఎత్తిపట్టి చూసి, "సరిగ్గా ఉందక్కా, దిగు" అనేవాడు. ఆయన ఆ మాట అనేదాకా అక్క నీళ్ళలో కాలు పెట్టేది కాదు.

అంతా బాగానే ఉందనుకుంటున్న రోజుల్లో, ఒకాయన కొట్టుకి తన హాలు గోడ పెచ్చు తెచ్చాడు. మాస్టారు కలిపిచ్చిన రంగు పూస్తే గోడమీద మాసిక వేసినట్టు తేలింది. పొరపాటైంది అంటే పోయేదేమీ లేదు. కానీ మాస్టారు ఆ నేరాన్ని పెయింటరు మీదకి నెట్టేశాడు. "తడిగోడ మీద పూస్తే రంగేం చేస్తుందండీ?" అన్నాడు. పెయింటరుకి ఎదురు చెప్పే నోరు లేదు. గోడంతా మళ్ళీ పూసిచ్చాడు.

మర్నాడు మాస్టారు ఎవరికీ చెప్పకుండా కళ్ళడాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

"శుక్లాలు మొదలయ్యాయండీ. రంగులు కాస్త పసుపుగా, మాసినట్టు కనిపిస్తాయి. ఆపరేషను చేస్తే పోతుంది" అన్నాడు డాక్టరు, జలుబు గురించి చెప్పినంత తేలిగ్గా. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుందని ఊళ్ళోవాళ్ళని ఎద్దేవా చేసిన మనిషి. ఇప్పుడా సామెత వచ్చి తన నెత్తినే కూర్చుంది. ఆ కన్నే లేకపోతే కొట్టులోనైనా, ఇంట్లోనైనా తననెవరు లెక్కచేస్తారు? ఇంటికొచ్చి కుక్కిన పేనులా ఊరుకున్నాడు.

ఇంతలో పెద్దవాన పడింది. కొలనులో ఆకులూ మట్టీ చేరి నీళ్ళు పచ్చబడ్డాయి. బావ కంగారుపడి క్లోరిన్ పొడి దండిగా గుమ్మరించాడు. తెల్లారేసరికి నీళ్ళు అద్దంలా తేరుకున్నాయి. మాస్టారు గొట్టంలో నీళ్ళు పట్టి బిళ్ళ వేశాడు. గులాబీరంగు గుప్పుమంది. రెప్ప వేసి తెరిచేలోగా మాయమైంది. గొట్టంలో మిగిలింది మంచినీళ్ళలాంటి నీళ్ళు.

రంగు నిజంగా వచ్చి పోయిందా? లేక అందరికీ కనిపించే రంగు తన కంటికే ఆనడం లేదా?

మేనకోడలు పక్కనే తువ్వాళ్ళు ఆరేస్తోంది. "మావయ్యా, ఇప్పుడు పింక్ వచ్చి పోయింది కదూ?" అంది.

అవునమ్మా, నాకూ అలాగే అనిపించింది, ఇలా వచ్చి చూడు అంటే ఈ కథే లేదు. కానీ ఆ పిల్ల వచ్చి చూసి, 'అదేంటి, ఇంకా పింక్‌గానే ఉందిగా' అంటేనో? మాస్టారు గొట్టంలో నీళ్ళు చటుక్కున పారబోశాడు. "రంగుల గురించి నాకు చెబుతున్నావా? రాలేదు. బావా, క్లోరిన్ చుక్క కూడా లేదు, వెయ్యండి!" అని కేకేశాడు. బావ ఎదురు ప్రశ్న వెయ్యకుండా మళ్ళీ పొడి వేశాడు.

సాయంత్రం పరీక్ష చేస్తే మళ్ళీ అదే వరస. గులాబీ గుప్పుమంది, పోయింది. మళ్ళీ లేదంటే బావ స్వయంగా చూడడానికి వస్తాడు. వస్తే తన గుట్టు బయటపడుతుంది. అక్క తువ్వాలు భుజాన వేసుకుని మెట్టు మీద నిలబడి ఉంది.

"సరిగ్గా ఉందక్కా, దిగు" అన్నాడు మాస్టారు.

ఆ సాయంత్రం అక్క కళ్ళు దురదగా ఉన్నాయంటే, దుమ్ము పడిందేమో అన్నాడు. తాడుమీద ఆరేసిన ఆమె ఆకుపచ్చ ఈతబట్టలు భుజాల దగ్గర వెలిసినట్టు ఆయన కంటపడింది. ఈ రోజుల్లో అద్దకాలు ఇంతే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. మర్నాడూ అదే తంతు. పొద్దున "లేదు, వెయ్యండి." సాయంత్రం "సరిగ్గా ఉంది, దిగు."

ఆ సాయంత్రం అక్క రెండోసారి మునిగి లేచి కేకపెట్టింది. కళ్ళు తెరవలేకపోయింది. గోడ తడుముకుంటూ, "ఒరేయ్ తమ్ముడూ, చెయ్యి పట్టుకోరా" అని గాలిలోకి చెయ్యి చాచింది. మాస్టారు ఆ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. ఆమె ముఖంలోకి మాత్రం చూడలేకపోయాడు.

ఆసుపత్రిలో కళ్ళు కడిగి, రెండింటికీ కట్లు కట్టి పంపారు. చూపుకి ప్రమాదం లేదు గానీ, కొన్నాళ్ళు వెలుతురు తగలకూడదన్నారు. "నీళ్ళలోనే ఏదో తేడా ఉంది నాన్నా" అంది మేనకోడలు.

"నీళ్ళలో తేడా ఏముంటుందే? మీ మావయ్య చూశాడుగా" అన్నాడు బావ.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. బావ తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు తగిలించినా బాగుండేది. ఆ నమ్మకం కంటే చెప్పుదెబ్బ నయం.

తెల్లారాక కొలను గట్టుమీద గొట్టం పట్టుకుని ఒంటరిగా కూర్చున్నాడు. కొట్టులో చేరిన ప్రతి కొత్తవాడికీ మొదటిరోజే తను నేర్పే పాఠం అప్పుడు గుర్తొచ్చింది. ముదురు రంగుని డబ్బాలో చూసి ఏ రంగో చెప్పడం ఎవరి తరమూ కాదు, ఒక్క చుక్క తీసి తెల్లరంగులో కలిపి పలచన చేసి చూడాలి. లోకానికి నేర్పిన పాఠం తనకి అక్కరకు రాలేదు. ఒక వంతు కొలను నీళ్ళకి తొమ్మిది వంతులు తాగేనీళ్ళు కలిపి బిళ్ళ వేశాడు. చిక్కటి గులాబీ వచ్చింది. వచ్చింది పోలేదు. క్లోరిన్ మితిమీరి, పుట్టిన రంగుని పుట్టినట్టే తినేసిందన్నమాట. తను చూసిన ఆ రెప్పపాటు గులాబీ నిజమే. కన్ను ఉన్నదున్నట్టు చెప్పింది. అబద్ధమాడింది నోరు.

సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. అయినా లేచి అక్క గదిలోకి వెళ్ళాడు. తలుపు దగ్గరే నిలబడి శుక్లాల సంగతి, పెయింటరు సంగతి, గొట్టం సంగతి అంతా చెప్పేశాడు. కట్ల వెనక అక్క ముఖం ఎలా మారుతోందో ఆయనకి తెలియలేదు.

"అంటే నీ కళ్ళ సంగతి బయటపడకూడదని నా కళ్ళు పణం పెట్టావు" అంది అక్క.

మాటమాటకీ 'ఒరేయ్' అనే మనిషి ఆ ఒక్కసారి అనలేదు. ఆయన వచ్చి కింద కూర్చుని మంచం పట్టె మీద తల ఆనించాడు.

తరవాతి పనులన్నీ ఆయనే చేశాడు. కొలను సగం తోడి కొత్త నీళ్ళు నింపాడు. పెయింటరు ఇంటికి వెళ్ళి, అతని భార్య ఎదుటే తప్పు ఒప్పుకున్నాడు. యజమానికి చెబితే ఆయన నవ్వి, "ఇంతేనా మాస్టారూ? ఆపరేషను చేయించుకుని రండి, మీ స్టూలు ఎక్కడికి పోతుంది?" అన్నాడు. ఇంత తేలికైన మాట కోసమా తోబుట్టువు కళ్ళలో మంటపెట్టింది అనుకునేసరికి ఆయనకి కొత్తగా మళ్ళీ సిగ్గేసింది.

కట్లు విప్పాక అక్క మొదటిసారి కొలను దగ్గరికి వచ్చింది. మాస్టారు గొట్టం మేనకోడలి చేతికివ్వబోయాడు.

"దాన్ని కాదు, నిన్నే అడుగుతున్నా. నీకేం కనిపిస్తోందో చెప్పరా" అంది అక్క.

మాస్టారు గొట్టాన్ని తెల్లగోడకి ఎదురుగా పట్టాడు. "లేత గులాబీ అక్కా. నిలిచే ఉంది. నాకు కొంచెం పసుపు కలిసినట్టుంది, అది నా కంట్లోది. అమ్మాయిని కూడా ఒకసారి చూడమందాం."

మేనకోడలు చూసి అవునంది. అక్క తలూపి, కమ్మీ పట్టుకుని మెట్లు దిగింది. "దా, గట్టుమీద కూర్చోరా, ఒక్కదాన్నే నడవలేను" అని పిలిచింది. ఆ పిలుపుకి మాస్టారి ప్రాణం లేచొచ్చింది. వెళ్ళి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

అక్క ఎప్పటిలాగే కబుర్లు చెబుతూ ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచింది. కళ్ళు మాత్రం రెండూ గట్టిగా మూసుకునే నడిచింది.