సగం సారు

ఆ ప్రయోగశాల పెద్దాయనకు ఒకే ఒక్క జబ్బు: ఏదైనా సరే, సగమే. టీ సగం కప్పు, బిస్కెట్ సగం, సుద్దముక్క సగం. ఆయనకు వినబడనంత దూరం వెళ్లాక అందరూ సగం సారు అనేవారు.

"సినిమాకు తీసుకెళ్తే ఇంటర్వెల్‌కే లేపుకొచ్చేస్తారమ్మా. హంతకుడెవరో నాకిప్పటికీ తెలియని సినిమాలు ఎన్నో!" అని ఆయన భార్య ఓసారి ఆయన శిష్యురాలి దగ్గర వాపోయింది.

శిష్యురాలికి నవ్వే ఓపిక లేదు. ఆమె పని వెలుగుతో స్ఫటికం గుణం మార్చడం. కరెంటును ససేమిరా పోనివ్వని ఆ నల్ల స్ఫటికం మీద తగిన లేజర్ మెరుపు పడితే, రెప్పపాటు కూడా కాదు, అంతకన్నా తక్కువ సేపు లోహంలా మారి దారి ఇస్తుంది. తర్వాత ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది. ఆ మార్పును పట్టుకుంటేనే ఆమెకు డాక్టరేటు పట్టా. ఏళ్లు గడిచాయి గానీ అది చిక్కలేదు. నెలాఖరుతో గడువు సరి.

స్ఫటికం పెరగడానికే ఏడాది పట్టింది. అది చేతికొచ్చిన రోజే సారు బ్లేడుతో రెండుగా చీల్చి, సగం ఆమెకిచ్చి, సగం జేబులో వేసుకున్నారు. లేజర్ దగ్గరా అదే పాట.

"సగం బలం చాలమ్మా."

"సగానికి అది ఉలకట్లేదు సార్!"

"బలం పెంచకు. వెలుగు రంగు కొంచెం కొంచెం మార్చి చూడు."

అంత ఓపిక ఆమెకెక్కడిది? ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లగానే లేజర్‌ను పూర్తిగా పెంచేసింది. స్ఫటికానికి చిల్లు పడింది. చేజేతులా చేసుకున్నదానికి ఎవరిని అనగలదు? కుర్చీలో కూలబడింది.

సగం భోజనం కనుక సారు త్వరగానే వచ్చారు. సూక్ష్మదర్శినిలోకి చూశారు.

"ఎంత పెట్టావు?"

"మొత్తం సార్."

ఆయన సొరుగులోంచి చిన్న డబ్బీ తీసి ఆమె ముందు పెట్టారు. అందులో రెండో సగం ఉంది.

"ఇది మీ కోసం దాచుకున్నారనుకున్నాను సార్."

"నేనేం చేసుకుంటాను? మొదటి సగం అందరూ కాలుస్తారు. నేనూ కాల్చాను. అప్పుడు నా కోసం రెండోది దాచినవాళ్లు లేరు."

ఆమె ఆ సగాన్ని లేజర్ ముందు అమర్చింది. లేజర్‌ను సగానికి దించింది. పక్కనే సారు కూర్చోగా, సాయంత్రం దాకా రంగును పిసరంత పిసరంత మారుస్తూ పోయింది. ఒకచోట కరెంటు కొలిచే తెరమీద గీత నిటారుగా లేచింది. స్ఫటికం దారి ఇచ్చింది!

ఆమె బల్లమీద తల వాల్చి బావురుమంది.

సారు బిస్కెట్ విరిచి ఒక ముక్క ఆమె ముందు పెట్టారు.

"సగం ఏడిస్తే చాలమ్మా. మిగతాది పట్టా వచ్చిన రోజుకు దాచుకో."

ఆమె నిజంగానే సగంలో ఆపేసింది.