రాజవ్వ నా చేతికిచ్చిన తాళంచెవి

మా అబ్బాయి శీను కొత్త టెంటు సంచి విప్పగానే, మగ్గం మీది నుంచి అప్పుడే దించిన తాను వాసన కామ్‌రేజ్‌లోని మా ఫ్లాటంతా నిండింది. భార్యాభర్తలు నా మనవరాలితో కలిసి అడవిలో నది పక్కన రెండు రాత్రులు గడిపి వస్తారట. కోడలు స్వప్న ఫోన్లో చూసి ఒక్కొక్కటే సర్దుతోంది: మడత కుర్చీలు, బ్యాటరీ ఫ్యాను, మూడు రకాల లైట్లు. "ఇవన్నీ ఎందుకే?" అంటే, "మీకు తెల్వదత్తమ్మా, క్యాంపింగ్ అంటే గిట్లనే" అంది. నాకు తెలియకపోవడమేమిటి? డేరా వేసుకుని అడవిలో ఉండటం స్వప్న పుట్టకముందే నాకు తెలుసు. నేర్పింది మాత్రం రాజవ్వ. ఆ పేరు తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

మగ్గాల పనికి ఊరొదిలి వచ్చిన కొత్తలో, పాండేసరలో వరుస గదుల చాల్‌లో మా గది, రాజవ్వ గది ఎదురెదురుగా ఉండేవి. ఇద్దరి మగవాళ్లూ ఒకే కార్ఖానాలో మగ్గాలు నడిపేవారు. మా ఊరివైపు అడవిలో జరిగే జాతరకు పోయే ముందు ఆదివారం ఆమె ఒక పని చేసేది. మూట కట్టేసి, పిల్లల్ని బయటికి తోలి, గదికి తాళం వేసి, తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టేది. సాయంత్రం దాకా ఆ ఇంటిల్లిపాదీ మూటలో ఉన్నవాటితోనే బయట వండుకోవాలి, తినాలి, పడుకోవాలి.

"ఏందక్కా, ఇల్లు పెట్టుకొని గీ బయట కూసునుడేంది?" అన్నాను మొదటిసారి.

"అడవిల ఇల్లుంటదా చెల్లె? నేనడిగినా చావి ఇయ్యకు."

ఆ రోజు ఉప్పు మరిచిపోయింది. తాళంచెవి కొంగున ముడివేసుకుని నేను గడపలోనే కూర్చున్నాను, ఎప్పుడు వచ్చి అడుగుతుందా అని. రాలేదు. చప్పటి పప్పే అందరికీ వడ్డించింది. మొగుడు మొహం చిట్లిస్తే, "తిను. గీ రుచి నోట్ల ఉంటేనే మళ్ల మరువం" అంది. సాయంత్రం ఉప్పు పొట్లం మూటలోకి చేరింది. ఎవరూ ముట్టని రెండు గిన్నెలు బయటికొచ్చాయి. చాల్‌లో ఆడవాళ్లంతా మూట కట్టాలంటే ఆమెనే పిలిచేవారు. నేను ఆమెకంటే పొదుపుగా బతికేదాన్ని. నన్ను ఒక్కరు పిలిచిన పాపాన పోలేదు.

ఆ ఏడు రెండిళ్ల వాళ్లం కలిసే జాతరకు పోయాం. అడవిలో దిగిన సాయంత్రమే గాలి లేచింది. నా మూటలో బరువైన ఇత్తడి గిన్నెలున్నాయి కానీ మూర తాడు లేదు. కర్రల మీద కప్పిన దుప్పటి ఎగిరి ముళ్లకంపలో పడింది. రాజవ్వ డేరా కదల్లేదు. మగ్గం దగ్గర కత్తిరించి పారేసే అంచు పీలికలను ఏడాదంతా పోగుచేసి, జడలా అల్లి, తాళ్లు చేసి తెచ్చుకుంది. పారేసే పీలికలతో తాడు చేయాలని నాకెందుకు తట్టలేదు?

"జర గామెను జూసి నేర్చుకోరాదే" అన్నాడు మా ఆయన అందరి ముందు. అది ఓర్చుకున్నాను. శీనుగాడు, నా కొడుకు, "నేను రాజవ్వ పెద్దమ్మ డేరాల పండుకుంట" అని దుప్పటి చుట్ట చంకలో పెట్టుకుని నడిచిపోయాడు. అది ఓర్చుకోలేకపోయాను.

రాజవ్వ తాళ్ల కట్టతో వచ్చింది. "కట్టిచ్చి పోరాదక్కా" అన్నాను.

"నేను కడితే గది గూడ నా డేరానే అయితది. నువ్వే కట్టు."

కట్టాను. తప్పయితే విప్పించింది, మళ్లీ కట్టించింది. ఆ రాత్రి నా డేరా కూడా నిలబడింది. కానీ శీనుగాడు మాత్రం నా డేరాకు తిరిగి రాలేదు.

రాజవ్వ పోయి చాలా ఏళ్లయింది. నిన్న ఆదివారం నేను శీను వాళ్ల సామానంతా మేడ మీదికి ఎక్కించి, ఫ్లాటుకు తాళం వేసి, తాళంచెవి ఎదురింటి హంసాబేన్‌కు ఇచ్చాను. "ఇదేం పిచ్చి, అత్తమ్మా" అంది స్వప్న. చిన్న గ్యాసు పొయ్యి ఉంది, బియ్యం ఉన్నాయి, అగ్గిపెట్టె లేదు. "బాపమ్మా, ఏక్ మినిట్, చావీ తెస్తా" అని మనవరాలు మీనూ లేచింది.

"కూసో."

అటుకులు తడిపి, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తిన్నాం. సాయంత్రానికి స్వప్న తనంతట తానే ఫ్యానూ, కుర్చీలూ, రెండు లైట్లూ పక్కన పెట్టి, అగ్గిపెట్టెకు చోటు చేసింది. ఇది నా గెలుపే అనుకుంటుండగా శీను పగలబడి నవ్వాడు. "అమ్మా, గిది రాజవ్వ పెద్దమ్మ పద్ధతి గదనే!" ఇన్నేళ్ల తర్వాత, నా మేడ మీద, నా ఉల్లిగడ్డ తింటూ కూడా వాడికి ఆమే గుర్తొచ్చింది. మళ్లీ అదే మంట.

అప్పుడే హంసాబేన్ ఆరేసిన బట్టల వంకతో మూడోసారి పైకొచ్చింది. తాళంచెవి చేతిలోనే ఉంది. చాప మీద ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని కూర్చున్న మమ్మల్ని చూసి, "చావీ జోయియే, బా?" అని, తాళంచెవి కావాలేమోనని అడిగింది. కావాలంటే బాగుండునన్న ఆశ గొంతులో ఉంది. ఆ మొహం నాకు బాగా తెలుసు. గడపలో కూర్చుని రాజవ్వ కోసం నేను పెట్టుకున్న మొహమే అది. చాల్‌లో అంతమంది ఉండగా రాజవ్వ తాళంచెవి నాకే ఎందుకిచ్చేదో ఒక్కసారైనా అడగలేదు నేను.

"వద్దు బేన్, నీ దగ్గరే ఉంచు" అన్నాను. కొంచెం జరిగి, చాప మీద చోటు చూపించాను.