పదహారో గడి

ఒక్క బైట్ మిగల్చడానికి చిన్నాన్న దుకాణంలో పదహారు బస్తాల బరువులు మాయం చేసినదాన్ని నేను. అంత గొప్ప బేరం ఖరగ్‌పూర్‌లో ఇంకెవరూ ఆడి ఉండరు.

తొంభైల మొదట్లో మాట. గోల్‌బజార్‌లో చిన్నాన్నది పప్పుల టోకు వ్యాపారం. కొత్తగా ఎలక్ట్రానిక్ కాటా కొన్నాడు. బస్తా పెట్టి మీట నొక్కితే బరువు కాగితం మీద పడాలన్నాడు. కాటా చురుకు, ప్రింటర్ నత్తనడక. మధ్యలో బరువుల్ని కాసేపు దాచే బోర్డు నేను చేస్తానన్నాను. అది పనిచేయకపోతే సీజనంతా నేనే కాటా పక్కన కూర్చుని చేత్తో బరువులు రాయాలి. అదీ ఒప్పందం.

చౌక చిప్పు కొన్నాను, అందులో మెమరీ పిడికెడు. పదహారు గళ్లు, గడికో బైట్, బస్తాకో గడి, చక్రంలా వాడాలి. కొత్త బరువు వేసే చోటికి ఒక గుర్తు, పాతది తీసే చోటికి ఒక గుర్తు. చివరి గడి దాటితే మళ్లీ మొదటిదే. రెండు గుర్తులూ ఒకచోట ఉంటే ఖాళీ అని లెక్క. ఒక గడి ఎప్పుడూ ఖాళీగా వదలమని పుస్తకం చెప్పింది. అంగట్లో పెరిగినదాన్ని, అరలో చోటు ఊరికే వదులుతానా? పదహారూ నిండేలా అసెంబ్లీ భాషలో ప్రోగ్రాం రాశాను.

ఒకరోజు లారీ సరుకు తూస్తుండగా ప్రింటర్‌లో కాగితం అయిపోయింది. కూలీలు ఆగలేదు, మిగిలిన పదహారు బస్తాలూ తూసేశారు. కొత్త కాగితం ఎక్కించాక ప్రింటర్ కిక్కురుమనలేదు.

"ఓలమ్మీ, నా కందిపప్పు ఏటైపోనాదే?"

"గోదాంలోనే ఉంది కదా చిన్నాన్నా."

"పప్పుంది. బరువులేవీ? రేపట్నించి పెన్నట్టుకొచ్చి కూకో."

"రెండ్రోజులాగు."

"నువ్వు సెప్పినావని లారీవోడు ఆగుతాడేటి?"

ఇంటికెళ్లి అరుగు మీద సుద్దతో గళ్లు గీసి, వేరుశనగ గింజలు ఒక్కొక్కటే పెట్టాను. పదహారోది పెట్టేసరికి వేసే గుర్తు చుట్టూ తిరిగొచ్చి తీసే గుర్తు మీద కూర్చుంది. నిండినా ఒకేచోట, ఖాళీ అయినా ఒకేచోట! నా ప్రోగ్రాం ఏమీ లేదనుకుని చేతులు దులుపుకుంది. ఈలోగా చిన్నాన్న వచ్చి ఒక గింజ నోట్లో వేసుకున్నాడు.

"అది నీ బస్తా చిన్నాన్నా!"

"నాదే కదా, తిన్నాను."

బస్తాల సంఖ్య వేరే బైట్‌లో పెడదామంటే, కాటా వైపు పనీ ప్రింటర్ వైపు పనీ రెండూ దాన్ని మార్చాలి. ఇద్దరూ ఒకేసారి చెయ్యి పెడితే లెక్క తప్పుతుంది, ఆ తగువు నాకొద్దు. గడి వదలడానికే సిద్ధపడి, పదిహేను నిండగానే ఎర్రదీపం వెలిగి కాటా ఆగేలా మళ్లీ రాశాను.

తర్వాతి లారీకి కావాలనే ప్రింటర్ ఆపేశాను. బస్తాలు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. దీపం వెలిగింది.

"దీదీ, లాల్ బత్తీ!" అని అరిచాడు కూలీ.

"రుకో దాదా," అని బస్తా ఆపించాను.

"ఒక గడి కాళీగా ఎట్టి మనుసుల్ని ఆపుతావేటే?" చిన్నాన్న పళ్లు కొరికాడు.

"మిగతా పదిహేనూ దక్కాలా, వద్దా?"

ప్రింటర్ మీట వేశాను. పదిహేను బరువులూ వరసగా పడ్డాయి. చిన్నాన్న వేలుపెట్టి ఒక్కొక్కటీ చదివాడు. పెన్ను మాట మళ్లీ ఎత్తలేదు.

ఇక బిల్లు. చిన్నాన్న గీచిగీచి ఇచ్చింది బోర్డుకీ తీగలకీ సరిపోయింది. బరువులు మాయమైన పదహారు బస్తాలూ మళ్లీ తూసినందుకు కూలీలకు నా చేతి డబ్బే ఇచ్చాను. నా కష్టానికి వేసుకున్నది సున్నా. మొత్తం మీద ఆ కూలీ డబ్బంత నష్టం.