డుంబ్రిగుడ సంతలో రెండోసారి కాలిన కొడవలి

ఇంజనీరింగ్‌లో ఒక సెమిస్టరంతా ఉక్కు గురించి చదివాను. ఎర్రగా కాలిస్తే దాని లోపలి అమరిక మారుతుందనీ, ఆ వేడిమీదే నీళ్లలో ముంచితే గట్టిపడుతుందనీ, మరీ కాలిస్తే పెళుసుబారుతుందనీ పరీక్షల్లో రాశాను. కొలిమి మాత్రం ఎన్నడూ చూడలేదు. నలభై దాటాక ఆ లోటు ఎందుకు గుర్తొచ్చిందో చెప్పలేను. అరకు దగ్గర డుంబ్రిగుడ సంతలో ఇంకా కమ్మరి కూర్చుంటాడని వినగానే బయల్దేరాను.

విశాఖలో పొద్దున్నే రైలెక్కితే బొర్రా సొరంగాలు దాటుకుంటూ పదకొండు ప్రాంతంలో అరకు చేరుస్తుంది. అక్కణ్ణుంచి షేర్ ఆటోకి నలభై రూపాయలు. "మజ్జాన్నం దాటితే సగం సంత ఎలిపోద్ది, బేగి ఎక్కండి మేడమ్," అన్నాడు డ్రైవరు.

పసుపు, అల్లం కుప్పలు దాటాక, సంత చివర కమ్మరి దాసు కొలిమి. భార్య గాలిచక్రం తిప్పుతోంది. ఎదురుగా బుద్రి అనే రైతు గొంతుక్కూర్చుని, అరిగిన కొడవలికి పదును పెట్టించుకుంటోంది. మర్నాడు ఆమె చోడి కోత, అంటే రాగి పంట. దాసు కొడవలి కాల్చి, సాగగొట్టి, మళ్లీ కాల్చి నీళ్లలో ముంచాడు. నేను వీడియో తీద్దామని ఫోన్ ఎత్తేసరికి అయిపోయింది.

"అయ్యో, ఇంకోసారి కాలుస్తారా?"

దాసు మీసం సవరించుకున్నాడు. "ఈడియోలో నానొస్తానా అమ్మా?"

"కొడవలి నాది, సోకు నీదా? సినిమా యాక్టరువి మరి!" బుద్రి నవ్వింది. "బేగి కానీ బావా."

తెరమీద ఎరుపు సరిగా రాలేదు. ఇంకొంచెం కాల్చమన్నాను. ఎరుపు దాటి పసుపుకు తిరిగింది. దాసు చూపు నిప్పుమీద లేదు, నా ఫోన్ మీద ఉంది. నీళ్లలో ముంచగానే టిక్‌మని చిన్న చప్పుడు. పైకి తీసి తట్టేసరికి కొడవలి రెండు ముక్కలైంది. విరిగినచోట పంచదార పలుకుల్లా ముతక గింజలు మెరుస్తున్నాయి. అచ్చం పాఠంలో చూసిన బొమ్మే.

బుద్రి నవ్వు ఆగిపోయింది. "నీకు బొమ్మ కావాల. నాకు కోత కావాల. రేపు ఏటెట్టి కొయ్యాల?"

కొత్తది కొనిస్తానన్నాను. "కొట్టులోది నా సేతికి నప్పదు," అంది.

"పాతది కదా, ముందే బీటుంటాదిలే. పై సంతకి కొత్తది సేసిత్తాను," అన్నాడు దాసు, ఎవరివైపూ చూడకుండా.

"పై సంత దాకా గింజ రాలకుండా ఉంటాదా?"

ముక్కలు తువ్వాల్లో చుట్టుకుని లేచింది. అరువు కొడవలి కోసం ఒక్కొక్కరినీ అడుగుతూ వెళ్లడం చూశాను. ఒక్కొక్కరే తల అడ్డంగా ఊపారు. అందరికీ కోతలే. నా ఆటో వచ్చేదాకా ఆమెకు దొరకలేదు.

నిజంగానే పాత బీట ఉందేమో. అలా అనుకుంటే నాకు తేలిక. కానీ ఆ పసుపురంగు మంచిది కాదని దాసుకి తెలుసు, నాకూ తెలుసు. వీడియో మాత్రం చాలా అందంగా వచ్చింది. ఎవరికీ చూపించలేదు.

మీరు వెళ్తే ముందురోజే అరకులో దిగి, పొద్దున్నే సంతకు చేరండి. కొలిమి దగ్గర ఫోన్ తీసేముందు నిప్పులో ఉన్నది ఎవరిదో అడగండి. మర్నాడు వాళ్లకు దానితో ఏం పనుందో కూడా.