ఆరు వందల నలభైలో ఒకటి

ఈ కథలో ఒక మేక ఉంది, ఒక ఇంగువ డబ్బా ఉంది, మా అక్క కిడ్నీలు ఉన్నాయి. వీటిలో నా చేతిలో నష్టపోయింది మేకా కాదు, ఇంగువా కాదు. నవ్వాలనుకున్నవాళ్ళు మొదట్లోనే నవ్వేయండి. పోనుపోను కష్టం.

చింతామణిలో మాది కిరాణా అంగడి. అక్షరాలకంటే ముందు నాకు ఇంగువ వాసన వచ్చు. ఇక బేరమంటారా, పుట్టినప్పుడు కూడా మంత్రసానికి ఇచ్చేది ఎంతో తేలేదాకా నేను ఏడవలేదని మా అమ్మ అంటుంది. మా పద్మక్కను బాగేపల్లిలో ఇచ్చారు. బావతో కలిసి అక్కడ గాజుల అంగడి నడుపుతుంది. ఒక ఎండాకాలం ఆమె వేళ్ళ కీళ్ళు పట్టేశాయి, ఎండలోకి వెళితే చెంపలు ఎర్రగా కందిపోయాయి. చిక్కబళ్ళాపురం డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. తోడు వెళ్ళాల్సింది ఎవరు? బేరమాడగలిగినవాడు. అంటే నేను.

ల్యాబులోని అమ్మాయిని రేటు దగ్గరే పట్టుకున్నాను.

"రవ్వంత రక్తానికి ఇంత రేటేందమ్మా?"

"చిన్న పరీక్ష కాదప్పా. సొంత కణాల మీదనే తిరగబడే యాంటీబాడీ మీ అక్క రక్తంలో ఉండాదేమో చూడాల. ఉంటే ఈ గాజుపలక మీది కణాలకు అంటుకుంటాది. కానీ కంటికి కనబడదు. అందుకే దాన్ని పట్టుకునేదానికి రంగు తగిలించిన ఇంకో యాంటీబాడీ పోస్తాము. అప్పుడు మైక్రోస్కోపులో పచ్చగా మెరుస్తాది."

అంటే దొంగను పట్టుకోవడానికి మెడలో గంట కట్టి పంపిన పోలీసన్నమాట. బాగానే అర్థమైంది.

"ఆ రంగుది యాడ తయారయితాది?"

"మేక ఒంట్లో."

మాది గుడ్డు కూడా గడప తొక్కని ఇల్లు. "మేకదా! శాకాహారులకు వేరే ఏమీ లేదా?"

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. "మేక మీ అక్క ఒంట్లోకి పోదప్పా. మీ అక్క రక్తమే దాని దగ్గరికి పోతాది."

"అట్లయితే ఇబ్బంది మేకకు గదా. మాకు కొంచెం తగ్గించు."

తగ్గించింది. నన్ను వదిలించుకోవడానికి అదే చౌక అనిపించి ఉంటుంది. అక్క ముఖం వెలిగిపోయింది. "మా సీనడు ఎవురి దగ్గరా మోసపోడమ్మా!" అంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

రిపోర్టు నా ఫోనుకే వచ్చింది. పాజిటివ్ అని ఉంది. గుండె అంగడి మూసేసింది. పక్కనే 1:640 అని ఉంది. గుండె మళ్ళీ అంగడి తెరిచింది. ఆరు వందల నలభైలో ఒకటా! మా కందిపప్పులో రాళ్ళే అంతకంటే ఎక్కువ.

"ఏమీ లేదక్కా," అన్నాను ఫోనులో. "ఆరు వందల నలభైలో ఒకటి. లెక్కలోకే రాదు."

"డాక్టరమ్మకు ఒకసారి చూపిద్దామేమిరా?"

"ఒకేఒక్కదానికి ఆమెకు ఫీజు కట్టేదా? ఎండలో తిరగొద్దు. మజ్జిగ తాగు."

"నువ్వు చెప్తే సరేరా."

ఆమె మజ్జిగ తాగింది. డాక్టరు ఫీజు మిగిల్చానని నేను మీసం దువ్వుకున్నాను.

వానలు పడేసరికి అక్క పాదాలు వాచాయి. తర్వాత ముఖం, తర్వాత చేతులు. గాజులు మణికట్టులోకి దిగబడ్డాయి. ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులకూ నొప్పి తెలియకుండా గాజులు ఎక్కించే మనిషి, తనవి తీసుకోలేక బావ చేత పగలగొట్టించుకుంది. మొగుడు ఎదురుగా ఉండగానే ఆ చప్పుడు వినాల్సి వచ్చిందని ఏడ్చింది. మూత్రంలో నురగ వస్తున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అక్కను చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో చేర్చాక డాక్టరమ్మ నా ఫోనులో రిపోర్టు చూసింది. "ఇది ఎండాకాలంలోనే వచ్చిందే! ఎందుకు రాలేదు మీరు?"

"ఆరు వందల నలభైలో ఒకటే గదా మేడమ్..."

అంగట్లో చెల్లని నోటును చూసినట్టు నన్ను చూసింది.

"అది భాగం కాదప్పా. మీ అక్క రక్తాన్ని పలచన చేస్తా పోతారు. రెట్టింపు, మళ్ళీ రెట్టింపు. ఆరు వందల నలభై వంతులు పలచన చేసినా ఇంకా పచ్చగా మెరుస్తానే ఉండాది. నంబరు ఎంత పెద్దదయితే అంత బలంగా ఉన్నట్టు."

అప్పుడు, ఆ మందుల వాసన మధ్య, నా ముక్కుకు ఇంగువ కొట్టింది. మా నాన్న ముద్ద ఇంగువ కొనేముందు చిటికెడు తీసి పిండిలో కలిపేవాడు. ఆ పిండిలోంచి చిటికెడు తీసి మళ్ళీ కొత్త పిండిలో కలిపేవాడు. ఎన్నిసార్లు కలిపినా ముక్కు అదిరిపోతే, అదీ ఘాటైన సరుకు. ఆయన ఒళ్ళో కూర్చుని నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. ఎవరూ విడమరచి చెప్పకుండానే ఆ అంకె అర్థం కావలసినవాడు ఆ జిల్లాలో ఎవడైనా ఉంటే, వాణ్ణి నేనే. ఇంగువ లెక్క వేయాల్సినచోట కందిపప్పు లెక్క వేశాను.

"ఆ జబ్బు కిడ్నీల మీదికి పోయింది," అంది డాక్టరమ్మ. "మందులు మొదలుపెడదాం. చెడిపోయింది మాత్రం మళ్ళీ రాదు. ఇప్పుడు సగం పనిచేస్తాండాయి."

నమ్మండి, అనాలని అనలేదు. పుట్టినప్పటి నుంచి ఒకే దారిన తిరిగిన నాలుక దానంతటదే తిరిగింది.

"ముప్పావు చేసుకోండి మేడమ్."

బావ గోడవైపు తిరిగాడు. మంచం మీద అక్క వాచిన కళ్ళు విప్పింది.

"వాని నోరు మూయించు మేడమ్. ఇంకోసారి బేరమాడినాడంటే పావే మిగుల్తాది."

అని, నవ్వింది. ఆ గదిలో నవ్వింది ఆమె ఒక్కతే.

ఇప్పుడు అక్క గుప్పెడు మాత్రలు మింగి అంగట్లో కూర్చుంటుంది, ఒక సైజు వదులు గాజులు వేసుకుని. కాబట్టి మా ఇంగువ డబ్బా మీద చెయ్యి పెట్టి, ముఖం చూడని ఆ మేక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఉల్లిగడ్డలకు బేరమాడతాను, ఆటోకు బేరమాడతాను, యముడొస్తే దున్నపోతు బాడుగకూ బేరమాడతాను. మా అక్క రక్తం దగ్గర మాత్రం, వాళ్ళు చెప్పిందే ధర.