ఎడమకు నడిచే మనిషి

మిర్యాలగూడ రైసుమిల్లులో బియ్యం బస్తాల వరుస కూలి మా తమ్ముడి మీద పడింది. తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. వాడు అక్కడ హమాలీ. హైదరాబాదులో తలకు ఆపరేషన్ చేసి, బతికాడు తీసుకుపొమ్మన్నారు. సూర్యాపేటలో అమ్మ ఉండే కిరాయి గదికి తెచ్చుకున్నాం. నడుస్తాడు, తింటాడు, అడిగినదానికి జవాబు చెప్తాడు. మనుషులే పోయారు వాడికి. ఇంట్లో ఎవరి ముఖమూ గుర్తు లేదు. దవాఖానలో రాత్రింబగళ్లు తలాపున కూర్చున్నది నేను కాబట్టి నన్ను నర్సమ్మ అనేవాడు.

అంతవరకైతే ఓర్చుకునేవాళ్లమే. వాడికి ఒక్క మనిషి మాత్రం గుర్తుంది, వాళ్ల అక్క. ఆ అక్కకు రెండు జడలు. సెలూన్ దగ్గర నిలబడి వాడికోసం చూస్తూ ఉంటుంది. ఆమె దగ్గరికి పోవాలని లేచి బయలుదేరేవాడు. మా గది నుంచి పెద్దరోడ్డు ఎంతో దూరం లేదు. హైదరాబాదు, విజయవాడ లారీలన్నీ ఆ రోడ్డు మీదే. ఒకసారి రోడ్డు నడిమధ్యలో నిలబడి ఉంటే టీకొట్టు ఆయన చెయ్యి పట్టి ఇవతలికి గుంజాడు. అప్పటి నుంచి అమ్మ వాడి కాలికి పాత చీరపేలిక కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకొని పడుకునేది.

నేనే మీ అక్కనని ఎన్నిసార్లు చెప్పానో. చెప్పినప్పుడల్లా కోపానికి వచ్చేవాడు. ఎదురు చెప్పొద్దు, తల మీద భారం పడుతుంది అని డాక్టరు అన్నాడు. అయినా ఒక పొద్దున అన్నం కలిపి పెడుతూ ఆగలేక మళ్లీ అన్నాను. ఈసారి వాడు కోపం తెచ్చుకోలేదు. నన్ను పరీక్ష పెట్టినట్టు చూశాడు.

"నువ్వు మా అక్కవైతే, మేం సూసిన ఆట ఏదో సూపియ్యి. మా అక్కకైతే తెలుస్తది."

ఏ ఆట అని అడగాల్సిన పని లేకపోయింది. నాకూ గుర్తే. గుర్తున్నదంతా తునకలు తునకలుగా ఉంది, అదే చిక్కు.

మా చిన్నప్పుడు అమ్మ మోతె ఊరి దిక్కు నుంచి ఆకుకూరలు తెచ్చి సూర్యాపేట బస్టాండు పక్కన అమ్మేది. నన్ను బడికి పంపలేదు, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావాలి. ఆ వీధిలో ఒక సెలూన్ ఉండేది. దాని యజమాని బావమరిది ఎక్కడి నుంచో టీవీకి తగిలించే వీడియో గేము తెచ్చాడు. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఇద్దరూ కూర్చొని ఆడేవాళ్లు. సెలూన్‌లోకి ఆడవాళ్లు అడుగు పెట్టకూడదు, ఆడపిల్లలైనా అంతే. నేను గడప బయట నిలబడేదాన్ని. తమ్ముణ్ణి నా ముందు నిలబెట్టుకొని వాడి నెత్తి మీద గదువ ఆనించి చూసేదాన్ని. మమ్మల్ని ఎవరూ ఆడనివ్వలేదు, మేమూ అడగలేదు.

ఆ ఆటలో ఒక చిన్న మనిషి. వీపు మీద మూట. నిచ్చెనలు ఎక్కుతాడు, దిగుతాడు. కొంగల్లాంటి పక్షులు పైనుంచి రాళ్లు వేస్తాయి. నీళ్లలో పడితే తలకిందులై చేపలాగా తేలుతాడు, అప్పుడు ఊపిరి పోతున్నట్టు ఒక చప్పుడు వస్తుంది. తమ్ముడు ఇంటికి వచ్చాక ఆ చప్పుడు నోటితో చేసి నన్ను నవ్వించేవాడు. ఆకాశం నీలం, నడుమ పసుపు, కింద పచ్చన. మనిషి ఎప్పుడూ ఎడమ చేతి వైపే నడుస్తాడు. ముందుగా తెర మీద ఏవో అక్షరాలు వచ్చేవి. అప్పటికి నాకు ఏ అక్షరమూ రాదు. నేను పలక పట్టింది నా పిల్లలు బడికి పోవడం మొదలుపెట్టాక.

ఈ తునకలు పట్టుకొని వెతకడానికి బయలుదేరాను. ముందు ఆ సెలూన్‌కే పోయాను. వీధి ఉంది, సెలూన్ లేదు. అక్కడ ఇప్పుడు ఎరువుల దుకాణం ఉంది. బావమరిది ఎటుపోయాడో అక్కడ ఎవరికీ తెలియదు.

అదే వారం మోతె నుంచి మా మేనమామ వచ్చాడు. చెడ్డవాడు కాదు. అమ్మ చేతికి కట్టుకున్న పేలిక చూశాడు. తర్వాత అమ్మను బయటికి పిలిచి మెల్లగా చెప్పాడు. హైదరాబాదు పిచ్చి దవాఖానలో తెలిసినవాళ్లు ఉన్నారట, వచ్చే సోమవారానికి జీపు మాట్లాడాడట.

"లారీ కింద పడ్డంక ఏడిస్తే ఏం ఫాయిదా అక్కా? గాడ గేటుంటది, తాళం ఉంటది. బతికుంటడు."

అమ్మ సరేనంది. నేను కొట్లాడలేదు. కొట్లాడటానికి నా దగ్గర ఏముంది? మా తమ్ముడు నన్ను గుర్తుపడితే నా మాట వింటాడు, నా మాట వింటే రోడ్డు మీదికి పోడు. నా లెక్క అంతే. గుర్తుపట్టకపోతే సోమవారం జీపు వస్తుంది.

నా అత్తగారిల్లు కోదాడ. ఇల్లు చూసి వస్తానని పోయి, అక్కడి బజారులో వీడియో గేముల దుకాణం ఎక్కడుందో కనుక్కున్నాను. మా అత్తకు ఆ సంగతి తెలిసింది. తమ్మునికి మతి పోతే నీకు ఆటల పిచ్చి పట్టిందా, పిల్లలున్నదానివి పోరగాళ్ల నడుమ నిలబడతావా అని గుమ్మంలోనే అడిగింది. ఆ మాటలు పడ్డాను. మా ఆయన మాత్రం నాతో దుకాణం దాకా వచ్చి, సిగ్గుపడి బయట సైకిల్ పట్టుకొని నిలబడ్డాడు.

కోదాడ దుకాణం ఆయన ఓపికగలవాడు. చివరిదాకా విని, కౌంటరు మీద మోచేతులు ఆనించి అడిగాడు.

"ఆకాశం నీలం, నడిమి పసుపు, కింద ఆకుపచ్చ అంటున్నారు. మనిషి పైకెక్కితే నీలంగా, కిందికొస్తే పచ్చగా అయ్యేవాడా?"

నేను ఆలోచించాను. అవును, అట్లాగే అయ్యేవాడు.

"అది ఆటలో రంగు కాదమ్మా. అది బ్లాకండ్‌వైటు టీవీ. ముందు రంగుల ప్లాస్టిక్ షీటు తగిలించి ఉంటారు. అప్పట్లో మా ఇంట్లో కూడా ఉండేది."

ఇన్నేళ్లూ నేను దాచుకున్న ఆకాశం ఒక ప్లాస్టిక్ ముక్క అని తెలిసి నవ్వు రాలేదు నాకు. రంగులు పోతే ఇంకేం మిగిలింది? నిచ్చెనలు, పక్షులు, మూట. ఆయన తన దగ్గరున్న ఆటల కేసెట్లలో నాలుగైదు టీవీలో పెట్టి చూపించాడు. ఒకదాంట్లో నిచ్చెనలు ఉన్నాయి, పక్షులు లేవు. ఒకదాంట్లో పక్షులున్నాయి, మనిషి లేడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఎడమకు నడిచే మనిషి ఏ ఆటలోనూ లేడట. అన్నిట్లోనూ కుడికే పోతాడట. నేను తప్పుగా గుర్తుపెట్టుకున్నానన్నాడు.

పాత కేసెట్లన్నీ మూటగట్టి మిర్యాలగూడలో ఒకాయనకు ఇచ్చేశానని, బస్టాండు వెనక సందులో ఆయన దుకాణమని చెప్పాడు. శనివారం పొద్దున సూర్యాపేట పోయి అమ్మను అడిగాను, వాణ్ణి మిర్యాలగూడ తీసుకుపోతానని. అమ్మ భయపడింది. చెయ్యి విడిపించుకొని పోతే నీ చేత ఏమైతది అంది. ఎల్లుండి ఎట్లాగూ పంపిస్తున్నావు కదా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ పేలిక ముడి తానే విప్పి పక్కకు తిరిగింది.

మీ అక్క చూపించమన్న ఆట దగ్గరికి పోదాం అంటే వాడు మారు మాట్లాడకుండా బస్సెక్కాడు. కిటికీ వైపు కూర్చోబెట్టి మణికట్టు పట్టుకున్నాను. దారంతా బాగానే ఉన్నాడు. మిర్యాలగూడ దగ్గరపడి మిల్లుల్లో వడ్లు ఉడికే వాసన రాగానే వాడు నా చేతిలోంచి మణికట్టు గుంజుకున్నాడు. ముఖం మీద చెమట పట్టింది. దిగుత, దిగుత అంటూ లేచాడు. తాగి ఉన్నాడా అని కండక్టరు అడిగాడు. తాగలేదు అన్నా, పాణం బాగలేదు అని చెప్పి, రెండు చేతులతో వాడి నడుము పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. బస్టాండు వచ్చేదాకా బస్సంతా మమ్మల్నే చూసింది.

దుకాణం ఇరుకు గది. వెలుతురు పడకుండా తలుపుకు మందపాటి తెర. గోడకు ఆనించి కలర్ టీవీ, ఎదురుగా తలుపు తెర పక్కన కేసెట్లు పెట్టిన అద్దాల షోకేసు. దుకాణదారుకు వచ్చిన పని చెప్పాను. టీవీలో రంగు పూర్తిగా తగ్గించమని కూడా అడిగాను. అందరూ రంగు కావాలంటరు, నువ్వు తియ్యమంటవు అని గొణుక్కుంటూ తగ్గించాడు. ఒక్కొక్క పాత కేసెట్ పెడుతున్నాడు. తమ్ముడు స్టూలు మీద కూర్చొని చూస్తున్నాడు. కాదు. కాదు. ఇదీ కాదు. కాదన్న ప్రతిసారీ వాడి గొంతు పెరుగుతోంది. ఒకదాంట్లో నిచ్చెనలు, పక్షులు, మూట మూడూ కనబడి నా ప్రాణం లేచి వచ్చింది. ఇదే అనబోయాను. వాడు చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

"వీడు అటు పోతున్నడు. కాదు."

లేచి తలుపు తెర వైపు నడిచాడు. తెర అవతల సందు, సందు చివర రోడ్డు. నేను పోయి అడ్డం నిలబడ్డాను. "జరుగు నర్సమ్మా" అని నా భుజం పట్టి నెట్టాడు. బలమైన చెయ్యి, బస్తాలు మోసిన చెయ్యి. నా వీపు షోకేసుకు తగిలింది. లోపల కేసెట్లు గలగలమన్నాయి. దుకాణదారు ఏయ్ అంటూ లేచాడు. నేను తెర గుడ్డను పిడికిలితో పట్టుకొని కళ్లు మూసుకున్నాను. ఇంక పోతాడు అనుకున్నాను.

పోలేదు. కళ్లు తెరిస్తే నా పక్కనుంచి షోకేసు అద్దంలోకి చూస్తున్నాడు. నేను తిరిగి చూశాను. చీకటి గదిలో, ఆ అద్దంలో, వెనకాల దానంతటదే నడుస్తున్న టీవీ బొమ్మ. మూట వేసుకున్న మనిషి ఎడమకు నడుస్తున్నాడు.

"గదే" అన్నాడు.

అప్పుడు నా కళ్ల ముందు ఆ పాత సెలూన్ కనబడింది. టీవీ తలుపు పైన, లోపలి వైపు చెక్క మీద ఉండేది. మేం నిలబడింది ఆ తలుపు కిందే. మా నెత్తి మీద ఉన్న టీవీ మాకెట్లా కనబడుతుంది? గిరాకీలు ఎదురుగా చూసుకునే పెద్ద అద్దంలోనే మేం చూసింది. లోపలికి పోనిచ్చి ఉంటే నేరుగా చూసేవాళ్లం. గడప బయట నిలబడ్డవాళ్లకు ఆ మనిషి అట్లాగే నడిచాడు, ఎడమకు.

దుకాణదారును ఆడమని బతిమాలాను. ఆయనకూ ఏదో అర్థమైనట్టుంది, మొదటి నుంచి ఆడాడు. తమ్ముడు టీవీకి వీపు పెట్టి, షోకేసు ముందు గొంతుక్కూర్చొని చూశాడు. మనిషి నీళ్లలో పడ్డప్పుడు నోటితో ఆ చప్పుడు చేశాడు. వాడి భుజాలు దిగి, చేతులు వదులయ్యాయి. దవాఖాన నుంచి వచ్చాక వాణ్ణి అంత నిమ్మళంగా చూడలేదు. ఆ కేసెట్ మీద కాగితం చిరిగిపోయి ఉంది, తెర మీది ఇంగ్లీషు అక్షరాలు నేను చదవలేను. ఆ ఆట పేరు నాకు ఇప్పటికీ తెలియదు. పేరు అడగాలని ఆ రోజు తోచలేదు.

కాసేపటికి తల ఎత్తకుండానే అన్నాడు. "మా అక్కను పిలువు. ఆమె గూడ సూడాలె."

నేనే అనబోయి ఆగాను. ఆ మాట ఎన్నిసార్లు అన్నా లాభం లేకపోయింది. తెర పక్కకు జరిపి బయటికి పోయాను. సందులో ఎండ కళ్లు చీకట్లు కమ్మేటట్టు ఉంది. కొంగుతో ముఖం తుడుచుకున్నాను. ఊపిరి పీల్చుకొని, మళ్లీ తెర జరిపి లోపలికి వచ్చాను.

"ఏందిరా, పిలిచినవట."

వాడు తల తిప్పి చూశాడు. దుకాణదారు ఆట ఆపి నన్నూ వాణ్ణీ చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు మా తమ్ముడు, నా ముఖంలో ఒక్కొక్కటీ వెతుకుతున్నట్టు. తర్వాత కొద్దిగా పక్కకు జరిగాడు.

"ఎక్కడికి పోయినవే అక్కా. గాడ నిలబడితే కనవడదు, దగ్గరికి రా."

పోయి కూర్చున్నాను. నా చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాడే పట్టుకున్నాడు.

తిరుగు బస్సులో వడ్ల వాసన వచ్చినప్పుడు మళ్లీ లేవబోయాడు. కూర్చోరా అంటే కూర్చున్నాడు. సోమవారం జీపు వద్దని మామకు చెప్పాలి, ఏం చెప్పాలి, ఎట్లా మొదలుపెట్టాలి అని దారంతా మాటలు కూడబెట్టుకున్నాను.

సూర్యాపేటలో దిగి గది దగ్గరికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మేం చెయ్యి చెయ్యి పట్టుకొని రావడం దూరం నుంచే చూసింది. ముఖం వెలిగింది. రెండడుగులు ముందుకు వచ్చింది. తమ్ముడు ఆగి నా వైపు వంగి మెల్లగా అడిగాడు.

"అక్కా, ఈమె ఎవరు?"

అమ్మ విన్నది. వచ్చిన అడుగు వెనక్కి వేసి, తలుపు పూర్తిగా తెరిచింది.

"మీ అక్కకు ఎరికైనదాన్నే బిడ్డా. లోపలికి రండి, అన్నం వండి పెట్టిన" అంది.