ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు పిలుపులు

పార్కులోని కొలను దగ్గర ఆమెను అందరూ క్లిప్పుల పెద్దమ్మ అంటారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో లైన్లు కలిపారు. రిటైరయ్యాక పాడైన రిమోట్లు విప్పి, పుస్తకాలు ముందేసుకుని, బొమ్మ పడవల రేడియో సంగతులు తనంతట తానే నేర్చుకున్నారు.

ఆ కొలనులో పడవలు నడపడానికి ఒక పద్ధతి ఉంది. గట్టు మీద పెద్దమ్మ కూర్చునే బల్ల, దాని పక్కన ఒక చెక్క పలక, పలకకు ఆరు రంగుల బట్టల క్లిప్పులు. ఒక్కో రంగు ఒక్కో ఫ్రీక్వెన్సీకి గుర్తు. రిమోట్‌లో ఆ ఫ్రీక్వెన్సీని నిర్ణయించే, అదే రంగు గుర్తున్న చిటికెన వేలి గోరంత క్రిస్టల్ ఒకటి ఉంటుంది, దాని జంట పడవలో ఉంటుంది. ఆ రంగు క్లిప్పు తీసి తన ఏరియల్‌కు తగిలించుకున్నాకే ఎవరైనా స్విచ్ వేయాలి. క్లిప్పు ఇంకొకరి దగ్గర ఉంటే ఆగాలి.

"ఎందుకాగాలి పెద్దమ్మా?" అని కొత్తవాళ్లు అడిగేవారు.

"పడవకి నీ మొహం తెలీదు నాయనా. తన ఫ్రీక్వెన్సీలో ఎవరు పిలిచినా నువ్వే అనుకుంటుంది. ఇద్దరు ఒకేసారి పిలిస్తే పిచ్చెత్తినట్టు తిరుగుతుంది."

ఆ ఆదివారం దాకా, పదకొండేళ్లలో అక్కడ ఒక్క పడవ కూడా ఆ కారణంగా దెబ్బతినలేదు. ఆ సంగతి నాకు చెబుతూ పెద్దమ్మ గొంతు బాగా తగ్గించారు.

ఆ ఆదివారం పొద్దున, అక్కడికి పడవలు నడపడానికి వచ్చే దర్జీ ఒకతను తన కొత్త పడవను నీళ్లలోకి దించాడు. రెండేళ్లు చెక్కను సన్నటి పట్టీలుగా కోసి, ఒక్కొక్కటే వంచి అతికించిన పడవ. లోపలి వైర్లు, టంకం పని అంతా మోటార్లు బాగుచేసే అతని బావమరిదిది. దర్జీ పసుపు క్లిప్పు తీసుకుని అవతలి గట్టుకు వెళ్లాడు. పడవ తిన్నగా అవతలి గట్టు నుంచి బయలుదేరి కొలను దాటింది. పెద్దమ్మ బల్ల దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా వణికింది. చుక్కాని అటూ ఇటూ కొట్టుకుంది. గిర్రున తిరిగి, అదే వేగంతో వెళ్లి పక్కనే ఉన్న తూము దగ్గరి ఇనుప కమ్మీలకు గుద్దుకుంది. ముందు భాగం చీలి మునిగిపోయింది.

దర్జీ రిమోట్ కింద పడేసి, బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చి, అక్కడున్న బావమరిది మీద అరిచాడు. "నీ అతుకే ఊడింది! టంకం పెట్టరా అంటే గోడకి సున్నం కొట్టినట్టు కొట్టావ్!"

"మూడుసార్లు లాగి చూశాను బావా. ఊడే అతుకు కాదది."

"పెద్దమ్మనడుగు! మీరే చెప్పండి పెద్దమ్మా."

అందరూ ఆమె వైపు తిరిగారు. "పసుపు క్లిప్పు ఒక్కటే ఉంది, అది నీ దగ్గరే ఉంది. ఇంకెవరూ పిలిచే వీల్లేదు. లోపం పడవలోదే," అన్నారామె.

"విన్నావా? ఇంక మా గడప తొక్కకు."

బావమరిది ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి దిగి, పడవను తీసి గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఇంట్లో సంచి సర్దుతుంటే పెద్దమ్మ చేతికి తన రిమోట్ వెచ్చగా తగిలింది. ఎర్ర దీపం వెలుగుతోంది. పొద్దున బల్ల మీద ఉన్నప్పుడే సంచిలో మంచినీళ్ల సీసా ఒరిగి స్విచ్‌ను నొక్కేసింది. ఆమెది ఎప్పుడూ నీలం రంగే, భయం ఎందుకు? అయినా మూత తీసి చూశారు. లోపల పసుపు క్రిస్టల్. ముందు రోజు ఎవరో రిపేరుకిచ్చిన పడవను పరీక్షించడానికి తానే పెట్టారు, తీయడం మరిచిపోయారు.

మిగతాదంతా ఆమెకు వెంటనే అర్థమైంది. ఏరియల్ మడిచి ఉంది కాబట్టి ఆ రిమోట్ పిలుపు నాలుగడుగులు దాటి పోదు. దర్జీ అవతలి గట్టున ఉన్నాడు. పడవ బల్ల పక్కకు రాగానే అతని పిలుపు కన్నా సంచిలోని పిలుపే గట్టిగా వినబడింది.

"వంటింట్లో నేల మీద కూర్చుని ఆలోచించాను," అన్నారు నాతో. "నన్నెవరూ అడగరు. ఎవరికీ అనుమానం కూడా రాదు. నాకు భయం వేసింది అందుకే."

మర్నాడు దర్జీ దుకాణానికి వెళ్లారు. అంతా విని అతను మిషను తొక్కడం ఆపేశాడు. 

"నా ఒక్కడికి చెప్తే ఏం లాభం పెద్దమ్మా? వాణ్ణి నేను పదిమందిలో తిట్టాను. మీరూ పదిమందిలోనే తీర్పు చెప్పారు."

"పదిమందిలోనే చెప్తాను. అతన్ని నేనే పిలుచుకొస్తాను."

మరుసటి ఆదివారం బావమరిది వచ్చి అందరికీ ఎడంగా నిలబడ్డాడు. పెద్దమ్మ జరిగింది చెప్పారు. ఊరికే చెప్పి ఊరుకోలేదు. పసుపు క్రిస్టల్ ఉన్న ఒక పాత పడవను దర్జీ చేత అవతలి గట్టు నుంచి నడిపించారు. పసుపు క్రిస్టల్‌తోనే తన రిమోట్ స్విచ్ వేసి సంచిలో పెట్టి బల్ల మీద ఉంచారు. కొలను మధ్యలో పడవ బుద్ధిగానే వెళ్లింది. బల్ల దగ్గరికి రాగానే వణికి గిర్రున తిరిగింది. రిమోట్ ఆపేస్తే మళ్లీ తిన్నగా సాగింది. మూడుసార్లు చూపించారు.

"పోనీలెండి పెద్దమ్మా, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి," అన్నారెవరో.

"స్విచ్ పడటం పొరపాటే. నా సంచి చూసుకోకుండా ఇతని పని మీద నింద వేశాను చూడు, అది పొరపాటు కాదు." ఆమె బావమరిది వైపు తిరిగారు. "నాయనా, నీ అతుకు ఊడలేదు. తప్పు నాది."

అతను తల వంచుకున్నాడు. 

"ముందు భాగం చెక్కే చీలింది. వైర్లన్నీ అలాగే ఉన్నాయి. సాయంత్రం వచ్చి చూడు," అన్నాడు దర్జీ అతనితో.

"గడప తొక్కొద్దన్నావుగా బావా?"

"తొక్కకు. దాటుకుని రా. మీ అక్క వారం నుంచి నాతో మాట్లాడట్లేదురా!"

నవ్వు వచ్చినా ఎవరూ గట్టిగా నవ్వలేదు. పెద్దమ్మ పలక తీసి బావమరిదికి ఇవ్వబోయారు. అతను పుచ్చుకోలేదు. "పలక మీ దగ్గరే ఉండనీయండి. సంచి మాత్రం ఒకసారి ఇవ్వండి, చూస్తాను," అని చెయ్యి చాపాడు.

అప్పటి నుంచి ఆ కొలను దగ్గర ఎవరూ క్లిప్పు ముట్టుకోకముందే రిమోట్లన్నీ మూతలు తీసి బల్ల మీద వరుసగా పెడతారు. మొదటిది పెద్దమ్మది. దాన్ని ఆమె చూసుకోరు. బావమరిది వచ్చి, క్రిస్టల్ రంగు చూసి, స్విచ్ మీద వేలు పెట్టి చూసి, "సరే పెద్దమ్మా," అనేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు.